ఫ్రీ కన్సల్టెన్సీ, మూడెకరాల పొలం, మేనత్త సంతకం

ప్రశ్న:

నమస్కారం సార్. మాది నాయుడుపేట దగ్గర పల్లెటూరు. చెన్నైలో అన్నా యూనివర్సిటీ కింద ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో ఈసీఈ చదివాను. సీజీపీఏ 7.4. మూడో సెమిస్టర్‌లో మ్యాథ్స్ అరియర్ ఒకటి పడింది, మరుసటిసారే క్లియర్ చేశాను. రెండేళ్ళుగా అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో కరెంటు మీటర్లు తయారుచేసే చిన్న కంపెనీలో టెస్టింగ్ చూస్తున్నాను. జీతం 28 వేలు. బయటికెళ్ళి ఎంబెడెడ్ సిస్టమ్స్‌లో (యంత్రాల లోపల ఇమిడి ఉండే చిన్న కంప్యూటర్లు) ఎంఎస్ చేయాలని నా కోరిక. టీనగర్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే సర్వీసంతా ఫ్రీ అన్నారు. ఇంగ్లండ్‌లో జనవరి ఇన్‌టేక్‌కి సీటు ఖాయమట, ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష అక్కర్లేదట, ఎస్‌ఓపీ (ఈ చదువు ఎందుకో చెప్పే వ్యాసం) వాళ్ళే రాస్తారట, బ్యాంకులో డబ్బు చూపించడం కూడా వాళ్ళే అరేంజ్ చేస్తారట. ఖర్చు మొత్తం 30 లక్షలు. వారంలోగా 25 వేలు అడ్వాన్సు కట్టి సంతకం పెట్టమంటున్నారు. జర్మనీ గురించి అడిగితే బెర్లిన్‌లో ఏదో ప్రైవేటు యూనివర్సిటీ చూపించారు. ఆఫీసులో ఒక మీటరు 49 రోజులకోసారి ఆగిపోతుంటే కారణం పట్టుకున్నది నేనే. అది ఎస్‌ఓపీలో రాయమంటే "అది ప్రాజెక్టు కాదు కదా" అని తీసేశారు. నాన్న మూడెకరాల పొలం అమ్మేస్తానంటున్నారు. తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరం. ఇల్లు ఇంకా తాతయ్య పేరు మీదే ఉంది, ఆయన పోయి పన్నెండేళ్ళయింది. నాన్నకు ఒక అక్క, ఒక చెల్లెలు. అమ్మేమో పెళ్ళిచేసి పంపుదామంటోంది. ఏం చేయమంటారు?

— ఎస్., అన్నానగర్, చెన్నై

సమాధానం:

అమ్మా,

నీ ఉత్తరంలో నా కంటికి మొదట తగిలింది "వారంలోగా" అన్న మాట. ముప్పై ఏళ్ళు బ్యాంకులో చేశాను. చివరి పదకొండేళ్ళూ చెన్నైలోనే, చదువు లోన్ల సీట్లో. వారంలో తేల్చుకోవాల్సిన చదువు నాకు ఒక్కటీ ఎదురుపడలేదు. తొందర ఎప్పుడూ ఆ నెల టార్గెట్ ఉన్నవాళ్ళదే. ఆ 25 వేలు కట్టకు. పొలం అమ్మనివ్వకు. నువ్వు మాత్రం వెళ్ళు. జనవరికి వద్దు, వచ్చే ఏడాది అక్టోబరుకి వెళ్ళు. ఎందుకంటున్నానో చెబుతాను, కాస్త పొడుగే అవుతుంది.

ముందు ఆ ఫ్రీ సంగతి. టీనగర్‌లో ఆఫీసు, ఏసీ, నలుగురు కౌన్సిలర్లు, వెళ్ళగానే కాఫీ. నీ దగ్గర పైసా తీసుకోకపోతే వాళ్ళకు అద్దె ఎక్కణ్ణుంచి వస్తుంది? యూనివర్సిటీ ఇస్తుంది. నువ్వు చేరి ఫీజు కట్టాక అందులో కొంత శాతం ఏజెంటుకు కమీషనుగా వెళ్తుంది. ఇది చాటుమాటు వ్యవహారమేమీ కాదు, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా యూనివర్సిటీలు చాలావరకు బాహాటంగానే ఏజెంట్లను పెట్టుకుంటాయి. చిక్కల్లా ఏమిటంటే, నీ ముందు పెట్టే లిస్టులో కమీషను ఇచ్చేవే ఉంటాయి. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీలకు ట్యూషన్ ఫీజే లేదు. ఫీజే లేనిచోట కమీషనెక్కడిది? అందుకే నువ్వు జర్మనీ అనగానే వాళ్ళ సంచీలోంచి ప్రైవేటుది బయటికొచ్చింది. పెళ్ళిళ్ళ పేరయ్య తన డైరీలో ఉన్న సంబంధాలే చెబుతాడు. పక్క వీధి కుర్రాడు బంగారంలాంటివాడైనా వాడి ఊసెత్తడు.

నీకు చెబుతున్నానని కాదు, మా అబ్బాయి విషయంలో నేనే బోల్తాపడ్డాను, అదీ లోన్లిచ్చే సీట్లో కూర్చుని. కన్సల్టెన్సీ వాళ్ళు వాడి పేరుతో కొత్త ఈమెయిల్ తెరిచారు. పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారు. "మీకెందుకు సార్ తలనొప్పి" అంటే నేనూ సరే అన్నాను. అదే ఈమెయిల్ ఇచ్చి వాడు సొంతంగా పంపుకున్న అప్లికేషనొకటి ఉంది, వాడికి బాగా మనసున్న చోటు. అక్కణ్ణుంచి ఆఫర్ లెటర్ వచ్చి ఆ ఇన్‌బాక్సులో మూడు వారాలు పడివుంది. మేం చూసేసరికి ఒప్పుకోవాల్సిన గడువు దాటి రెండు రోజులు. వెళ్ళి అడిగితే "అది మన లిస్టులోది కాదు కదా సార్, గమనించలేదు" అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకని ఎవరి సాయం తీసుకున్నా ఈమెయిల్ నీది, పాస్‌వర్డ్ నీది, ప్రతి పోర్టల్ లాగిన్ నీది. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకు.

ఇక బ్యాంకులో డబ్బు "అరేంజ్" చేయడం. దీని గురించి మెత్తగా చెప్పలేను. ఎవరిదో డబ్బు నెలరోజులు మీ నాన్న ఖాతాలో పడేస్తారు, దానికి వడ్డీ తీసుకుంటారు, పని కాగానే లాగేసుకుంటారు. ఇంగ్లండ్ వీసాకు డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలనే నిబంధన ఉంది కాబట్టి ఈ వ్యాపారం పుట్టింది. పొలం పనులు చేసుకునే మనిషి ఖాతాలోకి ఒక్క రోజున పాతిక లక్షలొస్తే బ్రాంచిలో క్లర్కుకే అనుమానమొస్తుంది, వీసా ఆఫీసరుకు రాదా? మోసం చేశారని తేలితే ఇంగ్లండ్ 10 ఏళ్ళపాటు వీసా నిరాకరించవచ్చు. అమెరికా అయితే తలుపు శాశ్వతంగా మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఆ మచ్చ నీ పాస్‌పోర్టు మీద పడుతుంది. అరేంజ్ చేసినవాడు టీనగర్‌లో కాఫీ తాగుతూనే ఉంటాడు. పైగా ఇదంతా అనవసరం కూడా. పద్ధతైన బ్యాంకు నుంచి చదువు లోను మంజూరైన లెటరు ఉంటే అదే రుజువు.

ఇప్పుడు జర్మనీ. నీ సబ్జెక్టుకు అంతకంటే నప్పే చోటు నాకు కనబడటం లేదు. కార్లు, మెషిన్లు, మీటర్లు తయారుచేసే దేశం. ట్యూషన్ ఫీజు లేదన్నది చాలా చోట్ల నిజమే గానీ అన్నిచోట్లా కాదు. స్టుట్‌గార్ట్, ఫ్రైబుర్గ్ ఉండే బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మనలాంటి వాళ్ళకు 2017 నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 చలికాలపు సెమిస్టర్ నుంచి మాస్టర్స్‌కు 4,000 నుంచి 6,000 యూరోల దాకా, అదీ సెమిస్టర్‌కు, పెట్టింది. కాబట్టి ఒక్కొక్కదాని పేజీ తెరిచి చూసుకోవాల్సిందే. ఇంగ్లీషులో బోధించే కోర్సుల జాబితా జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డీఏఏడీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఇది నిజంగానే ఉచితం. ఎంబెడెడ్ సిస్టమ్స్ అని వెతికితే కెమ్నిట్జ్, ఫ్రైబుర్గ్, డోర్ట్‌మండ్‌లోని అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీ లాంటివి వస్తాయి. అప్లైడ్ సైన్సెస్ అంటే తక్కువరకం అని మనవాళ్ళు పెదవి విరుస్తారు. రెండేళ్ళు ఫ్యాక్టరీ నేల మీద పనిచేసిన నీకు అలాంటివే బాగా పనికొస్తాయని నా ఉద్దేశం.

నీ 7.4 అక్కడ ఎంతవుతుందో ఇప్పుడే లెక్కేసుకుందాం, కన్సల్టెన్సీలో ఎవరూ వేసి చూపించి ఉండరు. జర్మన్ మార్కులు మనకు తలకిందులు, 1 అన్నిటికంటే గొప్ప, 4 బొటాబొటి పాస్. బవేరియన్ ఫార్ములా అంటారు. గరిష్ఠ మార్కులోంచి నీ మార్కు తీసెయ్యి, 10 లోంచి 7.4 పోతే 2.6. దాన్ని గరిష్ఠానికీ కనీస పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించు, 3తో గుణించు, 1 కలుపు. కనీస పాస్ 5 అయితే నీకు 2.56 వస్తుంది. కనీస పాస్ 6 అయితే 2.95. చూశావా, ఒక్క అంకె తేడాతో ఎంత మారిందో! నీ మార్క్స్‌షీట్ వెనక గ్రేడ్ల పట్టిక ఉంటుంది, తీసి చూడు, అందులో కనీస పాస్ గ్రేడ్ పాయింటు ఎంతుందో అదే నీ జాతకం. చాలా కోర్సులు 2.5 దగ్గర గీత గీస్తాయి. నువ్వు ఆ గీతకు అటో ఇటో అన్నమాట. గీత కచ్చితంగా పాటించే చోట్లకు అప్లై చేసి డబ్బు పారేసుకోకు. అనుభవాన్ని, ఎస్‌ఓపీని కలిపి చూసే చోట్లు ఏరుకో. ఒక్క అరియర్ గురించి దిగులుపడకు. దాన్ని దాచకు, క్షమాపణలూ చెప్పుకోకు.

జర్మనీకి మనదేశం వాళ్ళకు 2022 నవంబరు 1 నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. టెన్త్ నుంచి డిగ్రీ దాకా నీ కాగితాలన్నీ అసలువేనా అని పరిశీలించి ఇస్తారు, రుసుము 18,000 రూపాయలు. చాలా యూనివర్సిటీల తరఫున అప్లికేషన్లు తీసుకునే యూని-అసిస్ట్ ద్వారా పంపే అప్లికేషన్లకు మొదటిదానికి 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. ఇక జీవన ఖర్చుకు బ్లాక్డ్ అకౌంట్ అని తెరిచి అందులో ఏడాదికి సరిపడా 11,904 యూరోలు వేయాలి, 2024 సెప్టెంబరు నుంచి ఇదీ లెక్క. యూరో నూరు రూపాయలనుకుంటే దాదాపు 12 లక్షలు. కంగారుపడకు, అది ఫీజు కాదు. అక్కడ దిగాక నెలకు 992 చొప్పున నీకే తిరిగిస్తారు. అద్దె, అన్నం, ఇన్సూరెన్సు అందులోనే. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకునే వీలుంది, చదువైపోయాక ఉద్యోగం వెతుక్కోడానికి 18 నెలలు ఉండనిస్తారు. వీసా వద్దన్నారంటే, ఇదివరకు అభ్యంతరం రాసి మళ్ళీ చూడమని అడిగే పద్ధతుండేది. 2025 జూలై 1 నుంచి అది ఎత్తేశారు. అందుకే మొదటిసారే కాగితాలు పక్కాగా ఉండాలి.

ఇంగ్లండ్ మీద నాకు కోపమేం లేదు. ఏడాదిలో అయిపోతుంది, అది సుఖమే. ఐఈఎల్‌టీఎస్ అక్కర్లేదన్నదీ అబద్ధం కాకపోవచ్చు, ఇంటర్ ఇంగ్లీషు మార్కులతో తీసుకునే యూనివర్సిటీలు ఉన్నాయి. అయితే చదువయ్యాక అక్కడ ఉండే గడువు ఇప్పటిదాకా రెండేళ్ళు, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్ళకు 18 నెలలకు తగ్గించారు. 30 లక్షల అప్పు నెత్తిన పెట్టుకుని ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకు ఆ ఆరు నెలలు తక్కువేం కాదు. అమెరికా అంటావా, జెమినీ ఫ్లైఓవర్ పక్కనే కాన్సులేట్ కాబట్టి మనకు ఎప్పుడూ మనసు అటే పోతుంది. నీ లైనుకు చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ మొదటి ఏడాది, పైన 24 నెలలు, అదంతా బాగానే ఉంది. కానీ 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బి ఉద్యోగ వీసా పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుమని ప్రకటించాక ఆ దేశం నమ్ముకుని పెద్ద అప్పు చేయమని నేనెవరికీ చెప్పడం లేదు. స్కాలర్‌షిప్పో అసిస్టెంట్‌షిప్పో చేతిలో పడితే వేరే మాట.

ఇక నా సొంత ఇలాకాకు వద్దాం. పొలం.

మీ నాన్న అమ్ముతానన్నారంటే నీ మీద ప్రేమే. కానీ బ్యాంకు వైపు నుంచి చూడు. వ్యవసాయ భూమిని చదువు లోనుకు తాకట్టుగా తీసుకోడానికి బ్యాంకులు వెనకాడతాయి. బాకీ వసూలుకు వాడే సర్ఫేసీ చట్టం, 2002లో వచ్చింది, సాగుభూమికి వర్తించదు. దాంతో మీ నాన్నకు అమ్మడం తప్ప దారి లేదనిపించి ఉంటుంది. అమ్మితే ఏమవుతుంది? నీ తమ్ముడికి వచ్చే ఏడాది ఏం మిగులుతుంది? పైగా అమ్మిన డబ్బు బయటి దేశానికి పంపితే ఏడాదికి 10 లక్షలు దాటినదాని మీద బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. అదే బ్యాంకు లోను డబ్బయితే 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ లేదు. పొలం అలాగే ఉంచండి. నెల్లూరు వైపు మాగాణి ఒకసారి చెయ్యి దాటితే మళ్ళీ కొనేది లేదు.

తాకట్టుకు పనికొచ్చేది ఇల్లు. ప్రభుత్వ బ్యాంకుల్లో ఏడున్నర లక్షలు దాటిన లోనుకు ఆస్తి తాకట్టు అడుగుతారు. ఇక్కడే నీ ఉత్తరంలో నువ్వు ఒక వాక్యంలో దాటేసిన విషయం ఉంది. ఇల్లు తాతయ్య పేరు మీద ఉంది. విల్లు రాయకుండా పోయి ఉంటే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ నాన్నకు ఎంత హక్కో మీ మేనత్తలిద్దరికీ అంతే హక్కు. నాయనమ్మ ఉంటే ఆవిడకూ అంతే. అంటే బ్యాంకు వకీలు ముందు పెట్టే షరతు, మేనత్తలిద్దరూ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి హక్కు విడుదల దస్తావేజు రాసివ్వాలి. లేదా వాళ్ళే లోను కాగితాల మీద తాకట్టుదారులుగా సంతకం పెట్టాలి.

నా సర్వీసులో ఇలాంటి ఫైలు ఒకటి ఇప్పటికీ కళ్ళముందుంది. గూడూరు వైపు కుర్రాడు. అడ్మిట్ వచ్చింది, వాల్యుయేషన్ అయింది, ఆస్తి మీద లావాదేవీలు, బాకీలు చూపే ముప్పై ఏళ్ళ ఈసీ తెచ్చారు, లింక్ డాక్యుమెంట్లన్నీ ఉన్నాయి. పెద్ద మేనత్త సంతకం పెట్టలేదు. ఆస్తి కోసం కాదమ్మా. ఎనిమిదేళ్ళ కిందట వాళ్ళింట్లో పెళ్ళికి తమ్ముడు పెట్టుబడి చీర తక్కువరకం పెట్టాడట. కుర్రాడి నాన్న ఫోన్లు చేశాడు, పెద్దమనుషుల్ని పంపాడు. ఆవిడ అన్నది ఒకటే, వాడొచ్చి మా ఇంట్లో భోంచేసి అడగాలి. ఆయనకు అభిమానం అడ్డొచ్చింది. అయిదు నెలలు గడిచాయి, అడ్మిట్ చెల్లిపోయింది. చివరికి ఆయన వెళ్ళి భోంచేశాడు, ఆవిడ మర్నాడే సంతకం పెట్టింది, పిల్లాడు మరుసటి ఏడాది వెళ్ళాడు.

ఇంకొక అనుమానం. పల్లెటూరి ఇల్లంటున్నావు కాబట్టి, అది గ్రామకంఠంలో ఉందేమో కనుక్కో. గ్రామకంఠంలో తరాలుగా కాపురాలుంటాయి, రిజిస్టర్ దస్తావేజు ఉండదు, పంచాయతీ పన్ను రసీదులే ఆధారం. వాటిని చూసి బ్యాంకు వకీలు పెదవి విరుస్తాడు. అలాగైతే ఇల్లు పక్కనబెట్టి, ఎవరైనా దగ్గరి బంధువు టౌన్లో ఉన్న స్థలం తాకట్టు పెడతారేమో, ఎల్‌ఐసీ పాలసీలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఏమన్నా ఉన్నాయేమో చూడాలి. తాకట్టు లేకుండా ఇచ్చే ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలు ఉన్నాయి, వడ్డీ ఎక్కువ, చాలావాటిలో చదువుకునే రోజుల నుంచే వడ్డీలో ఎంతో కొంత కట్టమంటారు. అది ఆఖరి దారి. లోనుకు చెన్నై బ్రాంచిలో కాకుండా నాయుడుపేటలో మీ నాన్న ఖాతా ఉన్న బ్రాంచిలో అడుగు. అక్కడి ప్యానెల్ వకీలుకు ఆ ఊరి కాగితాలు చదవడం వచ్చు. ఇక్కడి వకీలుకు తెలుగు దస్తావేజు ఇస్తే ముందు అనువాదం చేయించుకు రమ్మంటాడు.

లెక్క కూడా చూద్దాం. వడ్డీ 10 శాతం అనుకుందాం. ఇంగ్లండ్‌కు 30 లక్షలు. చదువు ఏడాది, పైన వాయిదాలు మొదలుకాని మారటోరియం ఏడాది, రెండేళ్ళ వడ్డీ 6 లక్షలు కలిసి 36. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు 47,500 పైన. జర్మనీకి ఫీజు లేని చోటైతే బ్లాక్డ్ అకౌంట్, టికెట్లు, వీసా, సర్దుకోడానికి కొంత, అంతా 16 లక్షలు పెట్టుకో. రెండో ఏడాది సగం ఖర్చు అక్కడ పని చేసుకుంటూ నువ్వే తెచ్చుకోవాలి, ఆ కష్టం ఉంది. మూడేళ్ళ వడ్డీ 4.8 లక్షలు కలిసి 20.8. నెలకు 27,500 దగ్గర. లోను విడతలుగా ఇస్తారు కాబట్టి నిజంలో వడ్డీ కొంచెం తగ్గుతుంది. ఇప్పుడీ రెండు అంకెల పక్కన ఇంకొక అంకె రాసుకో. ఏ కారణం చేతనైనా నువ్వు తిరిగొచ్చేసి చెన్నైలో 50 వేల ఉద్యోగంలో చేరావనుకో. మొదటి లెక్కలో హాస్టల్ డబ్బుకూ వెతుక్కోవాలి. రెండోదాంట్లో ఊపిరాడుతుంది. నేను లోను ఇచ్చేముందు ప్రతి తండ్రినీ ఇదే అడిగేవాణ్ణి, చాలామందికి నచ్చేది కాదు. మారటోరియంలో వడ్డీ ఎప్పటికప్పుడు కడితే చాలా ప్రభుత్వ బ్యాంకులు రేటులో 1 శాతం దాకా తగ్గిస్తాయి. పంట డబ్బొచ్చినప్పుడల్లా మీ నాన్న అది కడితే చాలు, పొలం నీకు సాయం చేసినట్టే. ఖర్చులో 15 శాతం మార్జిను, అంటే మీ సొంత వాటా, మీరు పెట్టుకోవాలి, అందుకు ఈ ఏడాదంతా నీ జీతంలోంచి కూడబెట్టు. చదువు లోను వడ్డీ మీద 80ఈ పన్ను మినహాయింపు అని ఎవరైనా ఊరిస్తే పట్టించుకోకు, మీ నాన్నది వ్యవసాయ ఆదాయం, నీ జీతమేమో అక్కడ. మీకు దానివల్ల ఒరిగేది తక్కువ.

ఎస్‌ఓపీ దగ్గరికొస్తే, నువ్వు పంపిన వాళ్ళ నమూనా చదివాను. "చిన్నప్పటి నుంచీ నాకు ఎలక్ట్రానిక్స్ అంటే అమితమైన ఆసక్తి" అని మొదలైంది. నాయుడుపేట నుంచి నార్వే దాకా అందరికీ చిన్నప్పటి నుంచీ ఆసక్తే! నీ దగ్గర 49 రోజుల మీటరుంది. నాకు ఆ విషయాలు తెలియవు, మా అల్లుణ్ణి అడిగాను. వాడు ఒక్క క్షణం ఆగి నవ్వాడు. 32 బిట్ల కౌంటరు మిల్లీసెకన్లు లెక్కపెడుతుంటే 49 రోజుల 17 గంటలకు నిండిపోయి మళ్ళీ సున్నా అవుతుందట, పాత సమయంతో పోల్చే ప్రోగ్రాము అక్కడ తడబడుతుందట. నువ్వు పట్టుకున్నది అదేనా? అయితే ఎస్‌ఓపీ అక్కడే మొదలుపెట్టు. మీటరు ఎప్పుడు ఆగింది, మొదట ఎవరిని అనుమానించారు, కరెంటు సప్లయ్‌నా, బ్యాటరీనా, నువ్వు తేదీలు రాసుకుని తేడాలు తీసిందెప్పుడు, 49 అన్న అంకె మళ్ళీ మళ్ళీ వస్తోందని ఎలా గమనించావు, కౌంటరు నిండేదాకా 49 రోజులు కాచుకోకుండా ఎలా పరీక్షించావు. ఇవి రాస్తే చదివే ప్రొఫెసరు కుర్చీలో ముందుకు జరుగుతాడు. ప్రాజెక్టు కాదని తీసేసిన కుర్రాడికి మీటరంటే ఏమిటో తెలియదు పాపం. సిఫారసు లేఖల్లో ఒకటి మీ కంపెనీలో ఈ గొడవంతా చూసిన మేనేజరు చేత రాయించు. మిగతా ఒకటో రెండో నీ పేరు గుర్తున్న లెక్చరర్లవి. హెచ్‌ఓడీ అని మొహం తెలియని మనిషి దగ్గరికి పోకు.

పేర్ల గొడవొకటి ఉంటుంది, మన తెలుగువాళ్ళకు చెన్నైలో ఇది మరీ ఎక్కువ. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది. ఇక్కడి కాలేజీ వాళ్ళు తమిళ పద్ధతిలో నాన్న పేరులో మొదటి అక్షరం తగిలిస్తారు. పాస్‌పోర్టు చేయించినవాడు ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తాడు. అలాంటి పాస్‌పోర్టుతో అమెరికా వీసాకు వెళ్తే అసలు పేరు వెళ్ళి ఇంటిపేరు గడిలో కూర్చుంటుంది, పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, పేరు తెలియదు అని అర్థం! మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకో. తేడా ఉంటే ముందు పాస్‌పోర్టు సరిచేయించు. తర్వాతే ఏపీఎస్.

నెలల వారీగా చెబితే మర్చిపోతావు, పండగల లెక్కన చెబుతాను. వినాయక చవితికి పాస్‌పోర్టు, పేర్లు తేలిపోవాలి, అన్నా యూనివర్సిటీకి ట్రాన్‌స్క్రిప్ట్‌లకు (మార్కుల అధికారిక నకళ్ళు) అప్లై చేసేయాలి. గిండీ చుట్టూ ఒకటికి రెండుసార్లు తిరగాల్సిరావచ్చు, సెలవులు దాచుకో. దసరాకు ఐఈఎల్‌టీఎస్ రాసెయ్యి, 6.5 పైన తెచ్చుకుంటే చాలా చోట్లకు సరిపోతుంది, స్కోరు రెండేళ్ళు చెల్లుతుంది. దీపావళికి ఏపీఎస్ కాగితాలు వెళ్ళిపోవాలి. సంక్రాంతికి ఊరెళ్ళేసరికి ఆరేడు కోర్సుల పేర్లు, ఒక్కొక్కదాని గడువు, నీ ఎస్‌ఓపీ చేతిలో ఉండాలి. అక్టోబరు సెమిస్టర్‌కు అప్లికేషన్లు చాలాచోట్ల మార్చి, జూలై మధ్య మూసేస్తారు, నువ్వు ఉగాదికల్లా పంపెయ్. ఎండాకాలంలో అడ్మిట్లు వస్తే వెంటనే లోను, వీసా. వీసాకు రెండు మూడు నెలలు పెట్టుకో. మధ్యలో శనాదివారాలు జర్మన్ నేర్చుకో, గోథే ఇన్‌స్టిట్యూట్ నుంగంబాకంలోనే ఉంది. కోర్సు ఇంగ్లీషులోనే అయినా పార్ట్‌టైం ఉద్యోగమిచ్చేవాడు, అద్దెకిచ్చే ముసలాయన ఇంగ్లీషులో మాట్లాడరు. రెండో మెట్టు ఏ2 అయినా పూర్తిచేసి విమానమెక్కు.

అమ్మ పెళ్ళి మాట ఎత్తితే వాదించకు. చదువు ముందా పెళ్ళి ముందా అని మొదలుపెడితే అది తెగేది కాదు. ఈ అంకెల కాగితం ఆవిడ చేతికివ్వు. ఇంటి ఖర్చు నడిపే మనిషికి లెక్క అర్థమైనట్టు ఇంకెవరికీ అర్థం కాదు. 47,500కూ 27,500కూ తేడా ఆవిడే మీ నాన్నకు చెబుతుంది.

అడ్మిట్ రానిదే లోను రాదు. కాగితాలు సరిచేసుకోడానికి మాత్రం అడ్మిట్‌తో పనిలేదు. కాబట్టి ఈ వారాంతం సెంట్రల్లో రైలెక్కి ఊరికి వెళ్ళు. బీరువాలో తాతయ్య దస్తావేజు ఉందో లేదో చూడు, ఉంటే ప్రతి పేజీ ఫోటో తీసుకో, తాతయ్య మరణ ధృవీకరణ పత్రం కూడా. ఆ సాయంత్రమే పెద్ద మేనత్త ఇంటికి వెళ్ళు, నాన్నను వెంటబెట్టుకుని. ఏదో ఒకటి వండే ఉంటుంది, కూర్చుని తిని, ఆ తర్వాతే కాగితాల మాట తియ్యి.